పౌండ్ల మోజు

చిన్న పడవకు ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు కొనాలనుకునే ప్రతివాళ్ళకూ మొట్టమొదట అందే సలహా ఒకటుంది. "తమ్ముడూ, ఎలాగూ డబ్బు పెడుతున్నావు. ఇంకో రెండొందల డాలర్లు వేసుకుని పెద్దదే తీసుకో. చిన్నదైపోయిందని తర్వాత బాధపడక్కర్లేదు." పెద్దది అంటే ఇక్కడ పౌండ్లు. డబ్బా మీద బొద్దు అక్షరాలతో అచ్చేసే 30, 45, 55, 80 అంకెలన్నమాట. దుకాణంలో అమ్మేవాడూ ఇదే చెబుతాడు, రాంపు దగ్గర పడవ దించుతున్న పక్కాయనా ఇదే చెబుతాడు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఈ సలహా మొదలంటా తప్పు. దీన్ని నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్ళు కొందరు, పడవ ముంచుకునేంత ప్రమాదం తెచ్చుకునేవాళ్ళు మరికొందరు.

నేను చెప్పేది సూటిగా ఇదీ. పది పన్నెండు అడుగుల పడవకు మోటారు పౌండ్లు అన్నిటికన్నా చివర తేల్చుకోవలసిన అంకె. అంతకుముందు తేలాల్సినవి నాలుగున్నాయి: మనుషులతో, సామానుతో కలిపి పడవ మొత్తం బరువు, షాఫ్టు పొడవు, బ్యాటరీ, దాన్నీ మోటారునూ కలిపే తీగ. ఈ నాలుగింటిలో ఏది తప్పినా నింద మాత్రం మోటారు మీదే పడుతుంది. "చిన్నది కొన్నాను, అందుకే లాగడం లేదు" అనేస్తారు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేస్తున్నారు.

ఈ మాట మా న్యూజెర్సీలో మరీ గట్టిగా చెప్పాల్సి వస్తోంది. వెస్ట్ విండ్సర్‌లోని మెర్సర్ లేక్, హోవెల్ దగ్గరి మనాస్క్వాన్ రిజర్వాయర్, వారెన్ కౌంటీలోని మెర్రిల్ క్రీక్ రిజర్వాయర్ - వీటిలో పెట్రోలు ఇంజన్ నడపనివ్వరు. ఎలక్ట్రిక్ మోటారుకే అనుమతి. వేరేచోట ట్రోలింగ్ మోటారంటే పెద్ద ఇంజనుకు తోడుగా ఉండే చిన్న సాయం. ఇక్కడ పోవడానికీ రావడానికీ దిక్కు అదే. దిక్కు అదే అయినప్పుడు "ఉన్నంతలో పెద్దది" అనిపించడం సహజం. ఆ సహజమైన ఆలోచన ఎందుకు తప్పో లెక్కతోనే చూద్దాం.

ముందు ఆ పౌండ్లు దేన్ని కొలుస్తాయో తెలియాలి. మోటారు నీటిని ఎంత బలంగా వెనక్కి నెడుతుందో చెప్పే కొలత అది. పడవ కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఆ మోటారు దాన్ని ఎంత బలంతో లాగగలదో అదే ఆ అంకె. 55 పౌండ్లంటే పాతిక కిలోల లాగుడు. పడవ కదలడం మొదలుపెట్టగానే ఆ లాగుడు తగ్గుతూ పోతుంది. ఎందుకంటే ప్రొపెల్లర్ ఇప్పుడు నిలకడ నీటిని కాక ఎదురుగా వచ్చే నీటిని నెట్టాలి. ఒక వేగం దగ్గర లాగుడూ నీటి నిరోధమూ సమానమైపోతాయి. పడవ వేగం పెరగడం అక్కడితో ఆగుతుంది. అంటే పౌండ్ల అంకె కదలికకు ముందు సంగతి చెబుతుందే తప్ప, సరస్సు మధ్యలో మీరు ఎంత వేగంతో వెళతారో చెప్పదు. జనం మాత్రం దాన్ని కారు హార్స్ పవర్ చదివినట్టు చదువుతున్నారు.

హార్స్ పవర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. 12 వోల్టుల మీద నడిచే 55 పౌండ్ల మోటారు గరిష్ఠంగా సుమారు 50 ఆంపియర్లు తాగుతుంది. గుణిస్తే 600 వాట్లు. ఒక హార్స్ పవర్ 746 వాట్లు. ఆ శ్రేణిలో పెద్దదనుకునే మోటారుకు బ్యాటరీ నుంచి అందేది ఒక్క హార్స్ పవర్ కూడా కాదు. 24 వోల్టుల 80 పౌండ్ల మోటారు సుమారు 56 ఆంపియర్లు తీసుకుంటుంది. అదీ రెండు హార్స్ పవర్ లోపే.

ఇప్పుడు అవసరం ఎంతో చూద్దాం. పన్నెండడుగుల అల్యూమినియం జాన్ బోటు, అంటే అడుగు చదునుగా ఉండే పడవ, 60 కిలోలు అనుకుందాం. చెరి 75 కిలోల మనుషులిద్దరు 150. సీసపు బ్యాటరీ 28. మోటారు 12. లంగరు, తెడ్లు, లైఫ్ జాకెట్లు, గాలాల పెట్టె, ఐసు డబ్బా కలిపి 30. మొత్తం 280 కిలోలు, సుమారు 617 పౌండ్లు. తయారీదార్లు చెప్పే సూత్రం ప్రతి వంద పౌండ్ల బరువుకు కనీసం రెండు పౌండ్ల థ్రస్టు, అంటే లాగుడు. ఆ లెక్కన ఈ పడవకు కావలసింది పన్నెండున్నర. దుకాణంలో దొరికే 30 పౌండ్ల మోటారు దీనికి రెట్టింపు కంటే ఎక్కువ. 55 నాలుగు రెట్లు దాటింది. ఇక 80 కొనమనేవాడు ఏ పడవను మనసులో పెట్టుకుని చెబుతున్నాడు?

"అది కనీసం లెక్క కదా, గాలి వస్తే?" అని వెంటనే అడుగుతారు. ఇది అవతలి పక్షం దగ్గరున్న అన్నిటికన్నా గట్టి వాదన, కాబట్టి తోసిపుచ్చకుండా లెక్కే వేద్దాం. గంటకు 20 మైళ్ళ గాలికి ఎదురుగా వెళుతున్నారు. కూర్చున్న మనుషులూ పడవ ముందు భాగమూ కలిసి గాలికి అడ్డుపడే మేర ఒక చదరపు మీటరు వేసుకోండి. ఆ గాలి నెట్టుడు సుమారు 11 పౌండ్లు వస్తుంది. అల దెబ్బ కూడా కలిపి దాన్ని రెట్టింపు చేయండి, 22. ముందటి పన్నెండున్నరతో కలిపినా 35 దాటదు. మరీ జాగ్రత్తగా పోయేవాళ్ళకు 45, ఇంకా జాగ్రత్త కావాలంటే 55. 12 వోల్టుల మోటార్లలో దొరికేవే ఇవన్నీ. అసలు గంటకు 20 మైళ్ళ గాలిలో పన్నెండడుగుల చదును పడవను మనాస్క్వాన్ నడిబొడ్డుకు తీసుకెళ్ళకూడదు. గాలిని గెలవాలంటే గట్టు వారగా పోవాలి, లేదా ఆ రోజు ఇంటికి పోవాలి. పౌండ్లతో గెలిచే పందెం కాదది.

రెండో భ్రమ వేగం గురించి. పౌండ్లు పెరిగితే పడవ పరుగెత్తుతుందని నమ్మకం. నీటిని చీల్చుకుపోయే ప్రతి పడవా ముందు ఒక అలను, వెనక ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెంటి మధ్య దూరం పెరిగి చివరికి పడవ పొడవంత అవుతుంది. అక్కడి నుంచి ఇంకా వేగం కావాలంటే పడవ తాను లేపిన అలను తానే ఎక్కాలి. నీటిలో పదకొండు అడుగులు ఆనే పడవకు ఆ హద్దు గంటకు సుమారు 5 మైళ్ళు, అంటే 8 కిలోమీటర్లు. తగినంత శక్తి ఉన్న పెట్రోలు ఇంజన్ ఆ అలను ఎక్కించి పడవను నీటి మీద జారేలా చేస్తుంది. 600 వాట్లతో అది జరగదు, 1,300 వాట్లతోనూ జరగదు. పైగా ఆ హద్దుకు చేరకముందే వేగం రెట్టింపు కావాలంటే శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. కాబట్టి 55 తీసేసి 80 పెట్టినవాడు రెట్టింపు పైగా విద్యుత్తు ఖర్చుపెట్టి గంటకు ఒక మైలు సంపాదిస్తే గొప్ప.

అంత వేగం చేపకు కావాలా అంటే అదీ లేదు. ఈ యంత్రం పుట్టిందే నెమ్మదిగా పోవడానికి. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ ఫోర్డ్ మోడల్ ఎ కారులోని స్టార్టర్ మోటారుకు వంగే షాఫ్టు, ప్రొపెల్లర్ తగిలించి మొదటి మోటారు తయారుచేశాడు. మిన్ కోటా కంపెనీకి మొదలు అదే. కారును స్టార్టు చేసే చిన్న మోటారు పడవకు సరిపోయిందంటే, పడవ అడిగేది ఎంత తక్కువో అప్పుడే తేలిపోయింది. ఎరను నీటిలో ఈడ్చుతూ గంటకు ఒకటి రెండు మైళ్ళ వేగంతో సాగడం, గట్టు వెంట బాస్ చేప కోసం గాలం విసురుతూ అంతకన్నా మెల్లగా జరగడం - రోజులో ఎక్కువ భాగం గడిచేది ఇలాగే. ఆ వేగంలో ఏ మోటారూ చెమటోడ్చదు.

మరి "చిన్న మోటారు చాల్లేదు" అని ఇంతమంది చెబుతున్నారు కదా, వాళ్ళంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. వాళ్ళ పడవ నిజంగానే నీరసించింది. కారణం మాత్రం వేరు.

మొదటి కారణం షాఫ్టు, అంటే మోటారును నీటిలో దించి పట్టుకునే కడ్డీ. వెనక పలకకు బిగించే మోటార్లకు షాఫ్టు 30, 36, 42 అంగుళాల పొడవుల్లో దొరుకుతుంది. పలక పైఅంచు నుంచి నీటి మట్టం వరకు ఎత్తు పది అంగుళాల లోపైతే 30, పది నుంచి పదహారైతే 36, పదహారు నుంచి ఇరవై దాకా 42 సరిపోతాయి. మోటారు పైభాగం నీటికి కనీసం అడుగు లోతున ఉండాలి. పైకి తేలితే ప్రొపెల్లర్ నీటితోపాటు గాలిని కూడా లాక్కుని నురగ చిమ్ముతుంది, లాగుడు పడిపోతుంది. మోటారుకు బలం లేక కాదు, నెట్టడానికి దానికి నీళ్ళు దొరకలేదు. అక్కడ ఎన్ని పౌండ్లు పెట్టినా నురగే పెరుగుతుంది.

రెండో కారణం బ్యాటరీ. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద దోషి ఇదే. మోటారు మీద ఐదొందలు పెట్టి, బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి గరాజులో పడున్న కారు బ్యాటరీ వాడేవాళ్ళున్నారు. కారు బ్యాటరీలో పలుచని పలకలు ఎక్కువగా ఉంటాయి. ఇంజన్ తిప్పడానికి కొన్ని సెకన్లపాటు భారీగా కరెంటు ఇచ్చి తిరిగి నిండడమే దాని పని. గంటల తరబడి ఖాళీ చేస్తే కొద్ది వారాలకే చస్తుంది. పడవకు కావలసింది మందపు పలకల డీప్ సైకిల్ బ్యాటరీ. అదీ 100 ఆంపియర్ అవర్లని రాసి ఉన్నంత మాత్రాన 50 ఆంపియర్ల మీద రెండు గంటలు నడవదు. సీసపు బ్యాటరీకి ఆ అంకె ఇరవై గంటలపాటు నెమ్మదిగా, అంటే 5 ఆంపియర్ల చొప్పున తోడితే వచ్చేది. 50 చొప్పున తోడితే పూర్తిగా పిండినా గంటంపావు రావడం కష్టం. ఆ బ్యాటరీ ఏళ్ళపాటు బతకాలంటే సగం దగ్గరే ఆపాలి, అంటే నలభై నిమిషాల లోపు. అదే 15 ఆంపియర్ల దగ్గర నడిపితే సగంతోనే రెండున్నర గంటలు వస్తాయి. కొనేటప్పుడు రిజర్వ్ కెపాసిటీ అనే నిమిషాల అంకె చూడండి. 25 ఆంపియర్ల చొప్పున ఎన్ని నిమిషాలు వస్తుందో చెప్పే ఆ అంకె పడవ వాడకానికి చాలా దగ్గరగా ఉంటుంది.

సీసపు బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ దాని వోల్టేజి జారుతుంది, దాంతో పడవా మెల్లబడుతుంది. పొద్దున్న హుషారుగా పోయి మధ్యాహ్నానికి ఈడ్చుకుంటూ వచ్చిన మనిషి "55 చాల్లేదు, 80 కొనాలి" అని నిర్ణయించుకుంటాడు. పొద్దున్న చాలిన మోటారు మధ్యాహ్నానికి ఎందుకు చాలదో ఒక్క నిమిషం ఆలోచించడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదెక్కువే, కానీ 100 ఆంపియర్ అవర్లది పన్నెండు కిలోల దగ్గరే తూగుతుంది, దాదాపు చివరిదాకా వోల్టేజి నిలబెడుతుంది, సగం దగ్గర ఆపాల్సిన పని లేదు. 15 ఆంపియర్ల దగ్గర ఆరు గంటలు దాటి నడుస్తుంది. పెద్ద మోటారుకు పెట్టాలనుకున్న అదనపు డబ్బు వెళ్ళాల్సింది ఇక్కడికి. జాగ్రత్తలు రెండున్నాయి. బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూటు ఎన్ని ఆంపియర్ల వరకు ఒప్పుకుంటుందో చూడాలి. 50కే కట్ అయ్యే దానికి 55 పౌండ్ల మోటారు తగిలిస్తే సరిగ్గా ఎదురుగాలిలో, పూర్తి వేగంలో ఉన్నప్పుడే ఆగిపోగలదు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తక్కువున్నప్పుడు దాన్ని చార్జి చేయకూడదు. మన చలికాలపు గరాజుల్లో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

మూడో కారణం తీగ. బరువు సమంగా ఉండాలని బ్యాటరీని పడవ ముందు పెడతారు. అది మంచి పనే. కానీ వెనకనున్న మోటారుకు పన్నెండడుగుల తీగ పోవాలి, పన్నెండడుగులు తిరిగి రావాలి. చవకగా దొరికే పది గేజి రాగి తీగ వేస్తే 50 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు ఆ తీగలోనే పోతాయి. పదో వంతు పోయినట్టు. 60 వాట్లు తీగను వేడెక్కించడానికి ఖర్చవుతున్నాయి. ఆరు గేజి వేస్తే నష్టం అర వోల్టు లోపు. దానికి బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల బ్రేకరు పెట్టాలి. ప్రొపెల్లర్‌కు గాలపు తీగ చుట్టుకుని మోటారు బిగుసుకుపోతే మంట పుట్టకుండా కాపాడేది అదే. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు పెద్ద మోటారుకు పెట్టబోయే అదనంలో చిన్న ముక్క.

ఈ సలహా ఎక్కడిదాకా తీసుకెళుతుందో మనాస్క్వాన్ రాంపు దగ్గర కళ్ళారా చూశాను. పన్నెండడుగుల పడవ. వెనక పలక మీద 24 వోల్టుల మోటారు, దాని కాళ్ళ దగ్గర రెండు సీసపు బ్యాటరీలు. ఆ రెండే 55 కిలోలు, మోటారుతో కలిపి ఇంకో మనిషి బరువు. ఆ పక్కనే బెంచీ మీద నడిపే పెద్దమనిషి. ముందు ఎవరూ లేరు. పడవ ముక్కు గాలిలోకి లేచింది, వెనక పలక అంచుకూ నీటికీ మధ్య జానెడు కూడా లేదు. ఆయన పూర్తి వేగం పెట్టగానే వెనక భాగం ఇంకా కిందికి దిగింది. వేగం తగ్గించగానే తన వెనకే వస్తున్న అల పలక అంచు దాకా ఎక్కి రెండు దోసిళ్ళ నీళ్ళు లోపల పోసింది. లేచిన ముక్కును పక్కగాలి తోస్తుంటే పడవ తిన్నగా పోవడం లేదు. పడవ లోపలి గోడకు కొట్టిన కెపాసిటీ ప్లేటు మీద మనుషులు, మోటారు, సామాను అన్నీ కలిపి ఎంత బరువు మోయవచ్చో రాసి ఉంటుంది. ఇరవై అడుగుల లోపు మోటారు పడవలకు అమెరికాలో ఆ ప్లేటు తప్పనిసరి. పౌండ్ల సలహా చెప్పేవాళ్ళెవరూ ఆ ప్లేటు చదివి చెప్పగా నేను వినలేదు.

ఇక మిగిలిన వాదనలు. "పెద్దది కొని నెమ్మదిగా నడుపుకుంటే కరెంటు కూడా ఆదా కదా" అంటారు. ఇందులో సగం నిజం ఉంది. కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతూ వేగం మార్చే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న మోటారైతే అది నిజమే. పడవను ఒకే వేగంతో నడిపితే 55 పౌండ్లది 40 పౌండ్ల దానికంటే ఎక్కువేమీ తాగదు. కానీ చవక రకాల్లో ముందుకు ఐదు, వెనక్కి మూడు మెట్ల స్విచ్చే ఉంటుంది. కింది మెట్లలో వేగం తగ్గించడానికి కరెంటును నిరోధక చుట్టల గుండా పంపి వేడిగా పోగొడుతుంది. అంటే ఆదా అయ్యేది పౌండ్ల వల్ల కాదు, నియంత్రణ వల్ల. ఐదు మెట్ల 55 కన్నా ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న 45 ఎన్నో రెట్లు మేలు. అదనపు డబ్బు ఉంటే దానికి పెట్టమనే నా మాట.

"భద్రత కోసమైనా పెద్దది ఉండాలి కదా" అంటారు. సరస్సు మధ్యలో ప్రాణం కాపాడేవి వేరే ఉన్నాయి: ఒంటి మీద లైఫ్ జాకెట్, పడవలో రెండు తెడ్లు, తిరిగి రావడానికి సరిపడా మిగిల్చుకున్న చార్జి. పెద్ద మోటారు ఆ మూడో దాన్నే ముందుగా తినేస్తుంది. నదిలో ప్రవాహానికి ఎదురెళ్ళడానికి కూడా పౌండ్లు నమ్ముకోవద్దు. పడవ గరిష్ఠ వేగం గంటకు నాలుగు మైళ్ళు, ప్రవాహం మూడైతే మీకు మిగిలేది ఒక్కటే. 80 పెట్టినా అది రెండు కావడం కష్టం.

"రేపు పెద్ద పడవ కొంటే పనికొస్తుంది" అంటారు. పనికిరాదు. పదహారు పదిహేడు అడుగుల పడవకు మోటారు ముందు భాగంలో బిగించాలి, వెనక నుంచి నెట్టడం కాక ముందు నుంచి లాగాలి. దానికి బ్రాకెట్ వేరు, షాఫ్టు పొడవు వేరు, నడిపే పద్ధతీ వేరు. మనుషులతో టన్ను దగ్గరికి వచ్చే బాస్ బోటుకు 24 వోల్టులూ 80 పౌండ్లూ న్యాయమే. అలాంటి పడవ కొన్న రోజున కొనండి. లేని పడవ కోసం ఉన్న పడవను ముంచుకోవద్దు.

కాబట్టి కొనే వరస ఇలా ఉండాలి. ముందు పడవ బరువు, మనుషుల బరువు, సామాను బరువు కాగితం మీద రాసి కూడండి, కెపాసిటీ ప్లేటుతో పోల్చండి. మీతో వచ్చే మనిషిని ఎక్కించి, పడవను నీటిలో ఉంచి, పలక అంచు నుంచి నీటి దాకా టేపుతో కొలవండి. షాఫ్టు తేలిపోతుంది. మీరు వెళ్ళే నీరు మంచినీరా ఉప్పునీరా చూడండి. బార్నెగాట్ బే లాంటి చోట్లకు ఉప్పునీటి కోసం చేసిన మోటారు, మోటారు లోహానికి బదులు తాను తుప్పుకు బలయ్యే జింకు ముక్క తప్పవు. ఎన్ని గంటలు నీటి మీద ఉంటారో నిజాయతీగా రాసి, దానికి తగ్గ బ్యాటరీ ఎంచండి. ఆపైన తీగ, బ్రేకరు. ఇవన్నీ తేలాక మిగిలిన డబ్బుతో ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న 12 వోల్టుల మోటారు 40 నుంచి 55 పౌండ్ల మధ్య ఏది దొరికితే అది తీసుకోండి. ఆ మధ్యలో ఏది తీసుకున్నా మీ చేపకు తేడా తెలియదు. ఎలక్ట్రిక్ మోటారే కదా అని రిజిస్ట్రేషన్ మానకండి, న్యూజెర్సీలో దానికీ అది కావాలి.

సలహా అడిగే కొత్తవాళ్ళు మన దగ్గరికి నమ్మకంతో వస్తారు. నెల జీతంలోంచి మిగుల్చుకుని, పిల్లల్ని వారాంతంలో నీటి మీదికి తీసుకెళ్ళాలనే ఆశతో వస్తారు. వాళ్ళకు ఒక అంకె విసిరేసి పంపడం సాయం కాదు. పడవ ఎంత బరువు, పలక ఎంత ఎత్తు, ఎన్ని గంటలు తిరుగుతావు, బ్యాటరీ ఎక్కడ పెడతావు అని అడగడం సాయం. ఈ నాలుగూ అడగకుండా పౌండ్లు చెప్పేవాళ్ళు ఎంత అనుభవజ్ఞులైనా సరే, ఆ మాట పక్కన పెట్టండి.